మందు, మాత్ర
(తనకల్లులో పెన్షనర్ల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విదేశాల నుంచి వచ్చే పిల్లలు కోన్యాక్ సీసా తేవడం మన ఇళ్లలోనూ చూస్తున్నాం. ఫ్రాన్సులో ఆ పేరుగల ప్రాంతంలో ద్రాక్ష వైనును రాగి బట్టీల్లో రెండుసార్లు కాచి, ఓక్ పీపాల్లో కనీసం రెండేళ్లు నిలవబెట్టిన బ్రాందీ అది.

మా అబ్బాయి దానితో ఒక పానీయం కలిపాడు. 60 మి.లీ. కోన్యాక్, 30 మి.లీ. తీపి వెర్మూత్, రెండు చుక్కల బిట్టర్స్. ఐసు వేసి కలిపి వడగట్టాడు. చెంచాడు రుచి చూశాను. ఉగాది పచ్చడిలా ముందు తీపి, వెనుక చేదు. బాగుంది. గ్లాసు మాత్రం తిరిగి ఇచ్చేశాను.

ఎందుకంటే ఆ తీపి, చల్లదనం ఘాటును దాచేస్తాయి. చిన్న గ్లాసే అయినా అందులో రెండు పెగ్గుల బ్రాందీ ఉంది. పైగా వెర్మూత్.

మన భాషలో ఔషధమూ మందే, మద్యమూ మందే. రెండూ ఒకే కడుపులో చేరితేనే చిక్కు. ఇన్సులిన్, కొన్ని రకాల షుగరు మాత్రలు వాడేవారు ఖాళీ కడుపున తాగితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. చెమట, వణుకు, మాట తడబాటు చూసి ఇంట్లోవాళ్లు నిషా అనుకొని పడుకోబెడతారు. అక్కడే ప్రాణం మీదికి వస్తుంది. స్పృహ ఉంటే వెంటనే చక్కెర నీళ్లు తాగించాలి. లేకపోతే నోట్లో ఏమీ పోయక ఆసుపత్రికి చేర్చాలి. నిద్రమాత్రతో కలిస్తే ఊపిరే మందగించవచ్చు.

కాబట్టి పిల్లలు ప్రేమగా అందించినా మొహమాటపడకండి. "నాయనా, నేను మాత్రలు వాడుతున్నాను" అనండి చాలు.

సెలవు.