రక్తఫలకికలు చెప్పు కబురు



రోగి ఇంటెన్సివ్ కేర్ గదిలో నుండగా వెలుపల వరండాలో కూర్చున్న బంధువులు వైద్యుని అడుగు ప్రశ్న యొక్కటే: "గండము గడచినదా?" దీనికి బదులు చెప్పుటలో నెత్తురునందలి యొక సూక్ష్మపదార్థము మాకెట్లు తోడ్పడుచున్నదో నేడు మనవి చేసెదను.

రక్తములో ఎఱ్ఱకణములు, తెల్లకణములు గాక ప్లేట్‌లెట్లు, అనగా రక్తఫలకికలు గలవు. ఇటలీ దేశీయుడగు బిజ్జొజెరో పండితుడు 1882లో వీని స్వభావమును వివరించెను. ఇవి యెముకల మూలుగలో పుట్టి, వారము పది దినములు బ్రతికి నశించును. ఆరోగ్యవంతుని రక్తమున ఘన మిల్లీమీటరునకు 1,50,000 మొదలు 4,50,000 వఱకు నుండును. గాయమైనచోట గుమిగూడి రక్తస్రావము నాపుట వీని పని.

సూక్ష్మజీవుల నెదుర్కొను యత్నములో శరీరము అదుపుతప్పి తన యవయవములనే చెఱచుకొనుట సెప్సిస్. కాపాడవలసిన సేనయే యూరిని తగులబెట్టినట్లన్నమాట. అప్పుడు సన్నని నాళములలో నెత్తురు గడ్డకట్టును. ఫలకికలు అందు చిక్కి వ్యయమగును. మూలుగ ఆ లోటును వెంటనే పూడ్పజాలదు. లెక్క పడిపోవును.

కోలుకొనువారిలో సాధారణముగ ఈ లెక్క మొదటి మూడు నాలుగు దినములు తగ్గి, పిమ్మట పెరుగసాగును. ఒక్కొక్కప్పుడు మొదటి లెక్కను మించును. పెరుగక అట్లే నిలిచినచో అపాయమింకను తొలగలేదని శంకింపవలెను. నిన్న 40,000 ఉండి నేడు 60,000 అయిన రోగి యొకడు, నిన్న 1,40,000 ఉండి నేడు 90,000 అయిన రోగి యొకడు ఉన్నారనుకొందము. తక్కినవన్నియు సమానమైనచో నాకు మొదటివానియందే ఆశ హెచ్చు. డెంగీ జ్వరము మూలమున ప్లేట్‌లెట్ల లెక్క మన యిండ్లలో సుపరిచితమైనది. దాని నడకను గమనించుట మాత్ర మింకను అలవడలేదు.

అయితే ఒక హెచ్చరిక. ఎక్కించిన ఫలకికలచే పెరిగిన లెక్క కోలుకొనుటకు గుర్తు కాదు. అప్పు తెచ్చిన సొమ్ము ఆదాయమగునా? హెపారిన్ వంటి మందులచేతను లెక్క తగ్గవచ్చును. కావున మూత్రము, శ్వాస, తెలివి, రక్తపుపోటు ఇవన్నియు చక్కబడుచున్నవా యని కలిపి చూడవలయును.

జ్వరముతోగూడ మాట తడబడినను, ఆయాసము హెచ్చినను, మూత్రము తగ్గినను తెల్లవారనిండని జాగు చేయక ఆసుపత్రికి చేర్పుడు. ఫలకికలు కబురు మాత్రమే చెప్పును. ప్రాణము నిలుపునది సకాలచికిత్స.