ఫైలులో రాయాల్సిన మాట

న్యాయశాస్త్రంలో పట్టాలు అందుకుంటున్న మీ అందరికీ నా మనఃపూర్వక అభినందనలు.

అంతర్జాతీయ చట్టం పేపరు చదివిన ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు లేచి ఒక ప్రశ్న అడుగుతారు. 'పాలస్తీనాలో ఇంత జరుగుతుంటే ఈ చట్టం ఏం చేస్తోంది? అసలు ఇది చట్టమేనా?' అని. ఆ ప్రశ్నలో కోపం ఉంది, ఆ కోపం న్యాయమైనది. కాబట్టి దాన్ని దాటవేయను. పాలస్తీనా విషయంలో చట్టం మసకగా లేదు. ఆక్రమణ తొలి నెలల్లోనే ఆ మాటను, ఆక్రమించిన ప్రభుత్వానికే, దాని సొంత లాయరే స్పష్టంగా చెప్పాడు. ఆ తర్వాత ఆ చట్టాన్ని పక్కకు నెట్టే దారులు వెతికిందీ లాయర్లే, దాన్ని వదలకుండా పట్టుకుని నిలబడిందీ లాయర్లే. రేపటి నుంచి మీరూ ఆ వృత్తిలోకే వెళ్తున్నారు గనుక ఇవాళ ఈ విషయమే మాట్లాడాలనుకున్నాను.

1967 జూన్‌లో ఆరు రోజుల యుద్ధం ముగిసేసరికి వెస్ట్ బ్యాంక్, తూర్పు జెరూసలేం, గాజా ఇజ్రాయెల్ సైన్యం చేతిలో ఉన్నాయి. అక్కడ సైనిక కోర్టులు పెడుతూ సైన్యాధికారి మూడో నంబరు ప్రకటన జారీ చేశాడు. అందులో 35వ అధికరణం చూడండి. సైనిక కోర్టులు 1949 నాటి నాలుగో జెనీవా ఒడంబడికను పాటించాలని, సైనిక ఉత్తర్వుకూ ఒడంబడికకూ పొంతన కుదరకపోతే ఒడంబడికే నెగ్గుతుందని ఉంది. ఎవరూ బలవంతపెట్టకుండానే రాసుకున్న మాట అది. అదే ఏడాది అక్టోబరులో మరో ఉత్తర్వుతో ఆ అధికరణాన్ని తీసేశారు.

ఆ మధ్యలో, సెప్టెంబరులో, ప్రధాని లెవీ ఎష్కోల్ కార్యాలయం విదేశాంగ శాఖను ఒక అభిప్రాయం అడిగింది. కొత్తగా చేతికొచ్చిన ప్రాంతాల్లో మన పౌరులను స్థిరపరచవచ్చా? జవాబు రాయాల్సింది ఆ శాఖ న్యాయ సలహాదారు థియోడర్ మెరాన్. పోలండ్‌లో పుట్టినవాడు. బాల్యం నాజీల శ్రమ శిబిరాల్లో గడిచింది. యుద్ధం గెలిచి నాలుగు నెలలు కాలేదు, దేశమంతా విజయోత్సాహంలో ఉంది. అలాంటి సమయంలో ఆయన రహస్య మెమోలో రాసిన సారాంశం ఇది: పౌరులను అక్కడ స్థిరపరచడం నాలుగో జెనీవా ఒడంబడికలోని స్పష్టమైన నిబంధనలకు విరుద్ధం. ఉద్దేశం ఏదైనా సరే, ఆ నిషేధానికి మినహాయింపు లేదు.

ఆయన ఆధారపడింది 49వ అధికరణంలోని ఆరో పేరా. ఆక్రమించిన రాజ్యం తన సొంత జనాభాలో ఏ భాగాన్నీ ఆక్రమిత ప్రాంతానికి తరలించరాదన్నది దాని సారం. రెండో ప్రపంచ యుద్ధంలో ఆక్రమించినవాళ్లు ఆక్రమిత నేల మీద సొంత జనాన్ని దింపి ఆ నేల స్వరూపాన్నే మార్చేసిన అనుభవంలోంచి వచ్చిన వాక్యం అది.

మెరాన్ మెమోలో ఒక సందు కూడా ఉంది. వెళ్లి తీరాలంటే తాత్కాలిక సైనిక శిబిరాల రూపంలోనే వెళ్లాలని ఆయన సూచించాడు. ప్రభుత్వం ఆ సందునే వాడుకుంది. ఆ నెలాఖరులో కఫర్ ఎట్జియోన్‌లో పౌరులు దిగితే, లోకానికి దాన్ని సైనిక శిబిరంగా చెప్పుకున్నారు. వెస్ట్ బ్యాంక్‌లో మొదటి సెటిల్‌మెంట్ అది. ఇవాళ వెస్ట్ బ్యాంక్, తూర్పు జెరూసలేం కలిపి అలా స్థిరపడినవారు సుమారు 7 లక్షలు. మెమో మాత్రం దశాబ్దాలపాటు ఫైళ్లలోనే ఉండిపోయింది. గెర్షోమ్ గోరెన్‌బర్గ్ అనే ఇజ్రాయెలీ పాత్రికేయుడు 2006లో దాన్ని వెలుగులోకి తెచ్చాడు. ఇప్పుడు అడిగినా అదే అభిప్రాయం ఇస్తానని మెరాన్ ఆ తర్వాత చెప్పారు.

ఇజ్రాయెల్ ప్రభుత్వ వాదన కూడా మీరు వినాలి. వినకుండా తీర్పు చెప్పే అలవాటు మన వృత్తికి పనికిరాదు. అంతకుముందు వెస్ట్ బ్యాంక్‌ను ఏలిన జోర్డాన్‌కు దాని మీద లోకం గుర్తించిన సార్వభౌమాధికారం ఎన్నడూ లేదు, కాబట్టి అది వివాదాస్పద ప్రాంతమే తప్ప ఆక్రమిత ప్రాంతం కాదు, ఒడంబడిక అక్కడ చట్టరీత్యా వర్తించదు, మానవతా నిబంధనలను మేమే స్వచ్ఛందంగా పాటిస్తాం. ఇదీ వాదన. తెలివైన వాదనే. అయితే ఒడంబడిక కాపాడేది రాజుల హక్కుపత్రాలను కాదు, సైన్యం కింద నలిగే మనుషులను. వెస్ట్ బ్యాంక్‌లో ఇజ్రాయెల్ కట్టిన వేర్పాటు గోడ కేసులో 2004లో అంతర్జాతీయ న్యాయస్థానం ఆ వాదనను తోసిపుచ్చింది. అభిప్రాయం 14-1తో వెలువడింది. విభేదించిన ఆ ఒక్క న్యాయమూర్తి థామస్ బర్గెంథాల్ కూడా, సెటిల్‌మెంట్లు 49వ అధికరణాన్ని ఉల్లంఘిస్తున్నాయన్న విషయంలో మిగతావారితో ఏకీభవించారు.

ఇజ్రాయెల్ సుప్రీంకోర్టులోనే ఒకసారి సెటిల్‌మెంట్ ఓడిపోయింది. 1979 నాటి ఎలోన్ మోరే కేసు అది. నాబ్లస్ దగ్గర రుజేబ్ గ్రామస్తుల పట్టా భూమిని సైనిక అవసరం పేరుతో తీసుకుని అక్కడ సెటిలర్లను దించారు. భూమి యజమానులు కోర్టుకెక్కారు. ఆ సెటిల్‌మెంట్ వల్ల రక్షణకు ఒరిగేదేమీ లేదని మాజీ సైన్యాధిపతి హయీమ్ బార్-లెవ్ అఫిడవిట్ ఇచ్చాడు. అంతకన్నా ఆశ్చర్యం, సెటిలర్లే తాము వచ్చింది రక్షణ కోసం కాదని, దేవుడిచ్చిన నేల గనుక వచ్చామని నిజాయితీగా కోర్టుకు చెప్పుకున్నారు. సైనిక అవసరమనే సాకు నిలబడలేదు. ఖాళీ చేయమని కోర్టు ఆదేశించింది.

కోర్టులో పేదవాడు గెలిచాక ఏం జరుగుతుందో కూడా మీరు తెలుసుకోవాలి, ఎందుకంటే మన కాలేజీల్లో తీర్పుతో పాఠం ముగించేస్తాం. ప్రభుత్వం పట్టా భూముల జోలికి పోవడం తగ్గించి 1858 నాటి ఒట్టోమన్ భూచట్టాన్ని దుమ్ము దులిపింది. ఏళ్లపాటు సాగు చేయని భూమి సుల్తానుకు చెందుతుందన్న ఆ పాత నియమంతో రాతి గుట్టలూ మేత బీళ్లూ ప్రభుత్వ భూములైపోయాయి. మన రెవెన్యూ రికార్డులో ఒక్క కలంపోటుతో పోరంబోకు అని రాసేస్తే ఆ ఇంటివాళ్ల గతేమిటో మీకు విడమరచి చెప్పక్కర్లేదు. వెస్ట్ బ్యాంక్‌లో ఏది ప్రభుత్వ భూమో తేల్చే పని చూసింది స్టేట్ అటార్నీ కార్యాలయంలోని ప్లియా ఆల్బెక్. హెలికాప్టర్‌లో తిరుగుతూ, కొండలెక్కి దిగుతూ ఏ చెలక సాగులో ఉందో ఏది లేదో చూసి సంతకం పెట్టేవారు. ఎంతో శ్రద్ధగా, ఎంతో కష్టపడి పనిచేసిన లాయరు ఆమె. నన్ను బాధపెట్టేది ఆ శ్రద్ధే. మెరాన్, ఆల్బెక్ ఇద్దరూ ఒకే ప్రభుత్వానికి పనిచేశారు, ఇద్దరి దగ్గరా అవే పుస్తకాలున్నాయి.

నేల సంగతి అలా ఉంటే మనుషుల సంగతి ఇలా ఉంది. వెస్ట్ బ్యాంక్‌లో ఒకే రోడ్డు మీద ఇద్దరు కుర్రాళ్లు రాళ్లు విసిరారనుకోండి. సెటిలర్ ఇంటి పిల్లవాడికి ఇజ్రాయెల్ పౌర చట్టం వర్తిస్తుంది. పాలస్తీనా పిల్లవాడు రమల్లా పక్కనున్న ఓఫెర్ సైనిక కోర్టుకు వెళ్తాడు. అక్కడ విచారణ హీబ్రూలో సాగుతుంది, పక్కన అనువాదకుడు ఉంటాడు. పన్నెండేళ్లు నిండితే చాలు, ఆ బోనులో నిలబెట్టవచ్చు. శిక్ష పడితే తరచూ ఇజ్రాయెల్ లోపలి జైలుకే పంపుతారు. ఆక్రమిత ప్రాంతవాసులను ఆ ప్రాంతంలోనే నిర్బంధించాలని ఒడంబడిక 76వ అధికరణం చెబుతోంది. పిల్లవాణ్ని చూడాలంటే తల్లికి సరిహద్దు దాటే పర్మిట్ కావాలి. పది మంది గుమికూడి రాజకీయం మాట్లాడుకోవాలన్నా సైన్యం అనుమతి ఉండాలని, లేకపోతే పదేళ్ల దాకా జైలు అని 1967 ఆగస్టు నాటి 101వ నంబరు ఉత్తర్వు శాసించింది.

విచారణ లేని నిర్బంధం ఇంకొకటి. పీడీ యాక్టు కేసులు చూసిన మీకు ముందస్తు నిర్బంధం కొత్తేమీ కాదు, మన దగ్గర దాని దుర్వినియోగాన్ని సుప్రీంకోర్టు తప్పుపట్టిన సంగతీ తెలుసు. వెస్ట్ బ్యాంక్‌లో ఆరు నెలల ఉత్తర్వును ఎన్నిసార్లయినా పొడిగించవచ్చు, గరిష్ఠ కాలమంటూ లేదు. సాక్ష్యం ఖైదీకీ చూపరు, అతని లాయరుకూ చూపరు. సాక్ష్యమే చూపనప్పుడు లాయరు నిలబడి ఏం వాదించాలి?

అయినా వాదించినవాళ్లున్నారు. ఇజ్రాయెలీ న్యాయవాది ఫెలీషియా లాంగర్ 1967 నుంచి రెండు దశాబ్దాలకు పైగా సైనిక కోర్టుల్లో పాలస్తీనియన్ల తరఫున నిలబడ్డారు. చివరికి, తన హాజరు ఆ కోర్టులకు లేని గౌరవాన్ని తెచ్చిపెడుతోందనిపించి 1990లో ఆఫీసు మూసేశారు. ఆ నిర్ణయం సరైనదా కాదా అన్నదాని మీద మీలో మీరు వాదించుకోండి. నాకు మాత్రం ఆమె కొనసాగిన ఏళ్లూ గౌరవనీయమే, ఆపిన రోజూ గౌరవనీయమే.

రమల్లాలో రాజా షెహాదే, జోనాథన్ కుత్తాబ్, చార్లెస్ షమ్మాస్ అనే యువకులు 1979లో అల్-హక్ అనే సంస్థ పెట్టారు. వాళ్ల తొలి పని నినాదం కాదు, ధర్నా కాదు. ప్రజలకు సులువుగా దొరకని సైనిక ఉత్తర్వులను ఒక్కొక్కటిగా సేకరించి చదవడం. నిన్ను ఏలుతున్న చట్టమేదో నీకే తెలియనప్పుడు, దాన్ని సేకరించి అచ్చు వేయడమే ప్రతిఘటన. షెహాదే, కుత్తాబ్ కలిసి 1980లో ఆ పరిశోధనను పుస్తకంగా తెచ్చారు. 2021 అక్టోబరులో ఇజ్రాయెల్ అల్-హక్‌ను మరో ఐదు సంస్థలతో కలిపి ఉగ్రవాద సంస్థగా ప్రకటించింది. మరుసటి ఏడాది ఆగస్టులో సైనికులు వచ్చి ఆఫీసు తలుపు మూసి సీలు వేశారు. ఉద్యోగులు మళ్లీ తెరిచి పని మొదలుపెట్టారు.

2023 అక్టోబరు 7 గురించి చెప్పకుండా ఈ మాటలు పూర్తికావు. ఆ రోజు హమాస్ దాడిలో సుమారు 1,200 మంది చనిపోయారు, 251 మందిని బందీలుగా పట్టుకెళ్లారు. బందీలను పట్టడాన్ని అదే ఒడంబడిక 34వ అధికరణం ఏ మినహాయింపూ లేకుండా నిషేధిస్తుంది. ఆక్రమణలో ఉన్నామన్నది ఆ నేరానికి సమాధానం కాదు. ఆ నేరం గాజా మొత్తానికి వేసే శిక్షకూ సమాధానం కాదు. సామూహిక శిక్షను 33వ అధికరణం నిషేధించింది. ప్రజలకు తిండి, మందులు అందేలా చూడాల్సిన బాధ్యతను 55వ అధికరణం ఆక్రమించిన రాజ్యం మీదే పెట్టింది. గాజా ఆరోగ్య శాఖ లెక్కలో మృతులు 2025 మార్చికే 50 వేలు దాటారు. ఇది చెప్పేటప్పుడు నా గొంతు నిబ్బరంగా ఉండాలని నేనేమీ కోరుకోవడం లేదు.

2024 జూలై 19న అంతర్జాతీయ న్యాయస్థానం మరో సలహా అభిప్రాయం ఇచ్చింది. ఆక్రమిత పాలస్తీనాలో ఇజ్రాయెల్ కొనసాగడమే చట్టవిరుద్ధమని, వీలైనంత త్వరగా వైదొలగాలని, జరిగిన నష్టానికి పరిహారం చెల్లించాలని తేల్చింది. ఇజ్రాయెల్ కొనసాగడం చట్టవిరుద్ధమన్న అంశం మీద 11 మంది ఒకవైపు, నలుగురు మరోవైపు ఓటేశారు. మన దేశానికి చెందిన న్యాయమూర్తి దల్వీర్ భండారీ ఆ 11 మందిలో ఉన్నారు. రెండు నెలల తర్వాత, 12 నెలల్లో ఆక్రమణ ముగించాలన్న తీర్మానం ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభకు వచ్చింది. 124 దేశాలు అనుకూలంగా ఓటు వేస్తే, తటస్థంగా ఉండిపోయిన 43 దేశాల్లో భారత్ ఒకటి. 1947లో పాలస్తీనా విభజనకు వ్యతిరేకంగా ఓటేసిన దేశం మనది. 1988లో పాలస్తీనా రాజ్యాన్ని గుర్తించిన దేశం మనది. అంతర్జాతీయ చట్టం పట్ల గౌరవాన్ని పెంపొందించాలని రాజ్యాంగం 51వ అధికరణంలో రాసుకున్న దేశం మనది. ఆ తటస్థతకు దౌత్య కారణాలు ఎన్నయినా చెప్పవచ్చు. చట్టం వైపు నుంచి నాకు ఒక్క కారణమూ కనబడలేదు.

ఇది మనకు దూరపు గొడవ అని ఎవరైనా అంటే, 2024లో హైదరాబాద్‌లో జరిగిన ఎంపికలను గుర్తుచేయండి. యుద్ధం మొదలయ్యాక లక్షకు పైగా పాలస్తీనా కార్మికులకు ఇజ్రాయెల్‌లో పని చేసుకునే పర్మిట్లు ఆగిపోయాయి. ఖాళీ అయిన నిర్మాణ పనులకు మన తాపీమేస్త్రీలను, వడ్రంగులను తీసుకెళ్లడానికి తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఎంపికలు జరిపింది. వెళ్లినవాళ్లను తప్పుపట్టే హక్కు నాకు లేదు. అప్పు తీర్చాలి, ఇల్లు నిలబెట్టాలి. కానీ వాళ్లు సంతకం పెట్టే కాంట్రాక్టును ఎవరో ఒక లాయరు చదివి, ఏ ప్రాంతంలో పని, అది ఎవరి నేల, యుద్ధం వస్తే ఎవరి పూచీ అని ముందే చెప్పాలి. ఆ లాయరు మీ ఊరివాడైతే ఇంకా మంచిది.

మీలో కొందరు ఢిల్లీలో విదేశాంగ శాఖ న్యాయ విభాగంలో చేరతారు. ఏదో ఒక రోజు మీ బల్ల మీదకీ మెరాన్‌కు వచ్చినలాంటి ఫైలు వస్తుంది, పైవాళ్లు ఏ జవాబు ఆశిస్తున్నారో తెలిసే వస్తుంది. మెరాన్ మాట 1967లో ఎవరూ వినలేదు. అయినా ఆయన రాసి ఉంచాడు కాబట్టే, మాకు తెలియదని ఆ ప్రభుత్వం ఎన్నటికీ చెప్పలేకపోయింది.

ఇంకొందరు ఇంకా దూరం వెళ్లాలనుకోవచ్చు. వారికోసం ఒక చోటు చెబుతాను. గోడ వల్ల జరిగిన నష్టాలను నమోదు చేయడానికి ఐక్యరాజ్యసమితి 2006లో ఒక రిజిస్టర్ ఏర్పాటు చేసింది, కార్యాలయం వియన్నాలో. దానికి పరిహారం ఇచ్చే అధికారం లేదు, రాసుకోవడమే దాని పని. గోడకు అవతల పడిపోయిన ఆలివ్ తోట, అందకుండా పోయిన బావి, పోయిన ఉపాధి, ఆసుపత్రికి మూసుకుపోయిన దారి అంటూ వేలాది అర్జీలు అందులో చేరాయి. 2024 అభిప్రాయం తర్వాత పరిహారం లెక్క మరింత పెద్ద పని కాబోతోంది. అర్జీలో చెప్పిన తోట ఎవరిదో పాత పన్ను రసీదులు చూసి తేల్చగలిగినవాళ్లు, భూమి రికార్డుల మెలికలు తెలిసినవాళ్లు ఆ పనికి కావాలి. ఆ మెలికలు మీకు ఇక్కడ పుట్టిపెరిగినందుకే సగం తెలుసు. వెళ్లాలనిపించినవాళ్లు అరబిక్ నేర్చుకోవడం ఈ ఏడాదే మొదలుపెట్టండి.