పాకాల కట్టమీద పది దినములు



విశ్రాంతి యనగా పనిలేక యింట కూర్చుండుట యని నేను చాలకాలము తలంచితిని. ముప్పదియేండ్లు బడిపంతులపని చేసి విరమించిన పిమ్మట అట్లే కూర్చుండి చూచితిని. అది నాకు విశ్రాంతి కాలేదు. ఇంటివారికి విసుగు మాత్రమయ్యెను.

గత కార్తికమున కంటివైద్యుడొకడు నా యెడమకన్ను పరీక్షించి, "పంతులుగారూ, ఇది నీటికాసుల వ్యాధి. పోయిన చూపు మరల రాదు. ఉన్నదానిని చుక్కలమందుతో నిలుపుకొనవలెను" అనెను. ఇంటికి వచ్చుచు త్రోవపొడవునను నేనొక్కటియే యోచించితిని. పరీక్షలకొరకు తునుకలు తునుకలుగా బోధించిన పోతన భాగవతమును నా కన్నులతో నేను తీరికగా చదివినదెన్నడు?

మార్గశిరమున పుస్తకమును, గుడారమును, పదునాలుగేండ్ల మనుమనిని వెంటబెట్టుకొని పాకాలకు పోయితిని. వరంగల్లునకు తూర్పుగా, నర్సంపేట దాటినపిమ్మట ఈ చెరువు కలదు. గణపతిదేవ చక్రవర్తి (1199–1262) కాలమున, గుట్టల నడుమ పాఱు వాగునకు అడ్డముగా మైలునకు మించిన కట్ట వేసి దీనిని నిర్మించిరి. ఎనిమిదివందల యేండ్లు గడచినను నేటికిని ఆ నీటితో వరి పండుచున్నది. చుట్టునుగల యడవి 1952 నుండి వన్యప్రాణుల రక్షితస్థలము. అందు మంటవేయుట తగదు గనుక, కట్టకు దిగువ మిత్రుని మామిడితోటలో గుడారము వేసితిమి.

తెల్లవాఱుజామున స్నానసంధ్యలు, కంటిలో చుక్కలు, ఆపై బారెడు పొద్దెక్కువరకు కట్టమీద పఠనము. పిదప జొన్నరొట్టె, పచ్చిపులుసు, నిద్ర. సాయంకాలమున మనుమడు చదువగా నేను వినుట. ఇంతకుమించి మేము చేసినదేమియు లేదు.

తొలినాడు ఇరువది పద్యములైన సాగలేదు. గంట కొట్టుదురేమో యని మనస్సు తొందరపడుచుండెను! మూడవనాటికి ఆ తొందర తగ్గెను. అష్టమస్కంధమున గజేంద్రమోక్షము తీసితిని. బడిలో నేను పిల్లలచే వల్లెవేయించినది గజేంద్రుని మొఱ మాత్రమే. గణములు, యతులు అడిగితిని, తప్పినవానిని నిలువబెట్టితిని. దానికి ముందు ఏనుగులు దప్పిగొని వచ్చుట, మడుగున దిగి యాడుట పోతన యెంత తీరికగా వర్ణించెనో నేనెన్నడును గమనింపలేదు. ఎదుట నీరు మెఱయుచుండగా చదివినపుడు తెలిసినది: ఆ సుఖము మన మనస్సున నిండినగాని మొసలి పట్టిన పట్టు మనకు తగులదు. నా శిష్యులకు మొసలినే చూపితిని, మడుగును చూపలేదు.

పోతన బమ్మెరవాడా, ఒంటిమిట్టవాడా యను వివాదమునకు నేనిచట దిగను. ఆయన గ్రంథమున కొన్ని భాగములు శిథిలము కాగా గంగన, సింగన, నారయ యను మువ్వురు పూరించిరి. ఆ మాట చెప్పగా మనుమడు, "తాతా, నీకు కనబడని పద్యములు నేను చదివెదను లెమ్ము" అనెను. నేను వెంటనే బదులు చెప్పలేకపోతిని.

వాడు శకటరేఫమును సరిగా పలుకడు. బడిలోనైన బెత్తము తీసియుందును. అక్కడ ఆ తప్పును విడిచిపెట్టితిని.

పదవనాడు గుడారము విప్పునప్పటికి దశమస్కంధము మొదలైన కాలేదు. మాఘమున మరల పోవుటకు మిత్రునితో చెప్పి వచ్చితిమి.