గడియారం చూసే నిద్ర, ఇంటావిడ చూసే నిద్ర



"ఆరోగ్యం మీద పది నిమిషాలు మాట్లాడండి సుబేదార్ సాబ్" అన్నారు కార్యదర్శి గారు. నేను డాక్టర్ని కాను, ఇంటర్ చదివి భర్తీ అయినవాణ్ణి. అందుకని నా మీద జరిగిన సంగతి ఒక్కటే చెబుతాను. అది నిద్ర గురించి.

రిటైరయ్యాక సూరత్‌లో బమ్రోలిలో ఉంటూ ఒక మిల్లులో రాత్రి డ్యూటీ సెక్యూరిటీ సూపర్‌వైజరుగా చేరాను. బమ్రోలి, పాండేసరా, ఉధ్నా వైపు వచ్చినవాళ్ళకి తెలుసు, అక్కడ సాంచెల చప్పుడు పగలూ రాత్రీ ఆగదు. మన తెలంగాణ పద్మశాలీ కుటుంబాలు ఎప్పుడో నేతపని మీద వచ్చి ఆ ఊళ్ళో స్థిరపడ్డాయి. ఒరిస్సా గంజాం కుర్రాళ్ళు వేలల్లో ఉంటారు. పన్నెండేసి గంటల పాళీలు. పగటి పాళీ వాడు లేచిన పక్క మీదనే రాత్రి పాళీ వాడు వచ్చి పడుకుంటాడు. అక్కడ నిద్ర అంటే గదిలో జాగా దొరకడమే.

మా అబ్బాయి నాకొక స్మార్ట్ వాచీ కొనిపెట్టాడు. చేయి కదలికను పట్టే చిన్న యంత్రం అందులో ఉంటుంది. అడుగున పచ్చ లైటు చర్మం మీద పడి, రక్తం పారే తీరునుబట్టి గుండె వేగం లెక్కపెడుతుంది. ఎర్ర లైటుతో ఆక్సిజన్ అంచనా వేస్తుంది. ఇందులో మన ఫౌజు వాసన కూడా ఉందండోయ్. 1980లలోనే అమెరికా సైన్యం వాల్టర్ రీడ్ పరిశోధన సంస్థ వాళ్ళు సిపాయిల నిద్ర కొలవడానికి ఇలా మణికట్టుకు కట్టే యంత్రాల మీద పనిచేశారు.

ఆ వాచీకి తెలియనిదీ ఉంది. కదలకుండా పడుకుని పైకప్పు చూస్తున్నా నిద్రే అని రాసుకుంటుంది. గాఢనిద్ర ఇంత, కలల నిద్ర ఇంత అని చూపించేది కూడా అంచనాయే. అసలు లెక్క తలకు తీగలు పెట్టి మెదడు తరంగాలు చూస్తేనే తేలుతుంది. నాకు అప్పట్లో ఇదేమీ తెలీదు. పొద్దున్నే ఏడు గంటల నిద్ర, 82 మార్కులు అని చూసి, పరీక్ష పాసైన కుర్రాడిలా మురిసిపోయేవాణ్ణి.

మా ఆవిడ మాత్రం "మీరు గురక పెడుతూ పెడుతూ మధ్యలో ఊపిరి ఆపేస్తున్నారు, నాకు భయమేస్తోంది" అనేది. నేను వాచీ చూపించేవాణ్ణి. అందులోనే ఆక్సిజన్ 86 అని రెండు మూడుసార్లు కనబడింది. లడాఖ్ పోస్టులో ఇంతకన్నా తక్కువ చూశాం, ఇదెంత అనుకున్నాను. పైన గాలి పలుచన కాబట్టి అక్కడ అంకె తగ్గుతుంది. సూరత్ సముద్రం పక్క ఊరు! ఇక్కడ ఎందుకు తగ్గాలి? ఆ ప్రశ్న నాకు తట్టలేదు.

ఒకరోజు డ్యూటీ దిగి స్కూటరు మీద వస్తూ కునుకు పట్టి డివైడరుకు కొట్టాను. భుజం దెబ్బతింది. నా ముందు ఒక తల్లి పిల్లాణ్ణి స్కూలుకు నడిపించుకు వెళ్తోంది. బండి రెండు గజాలు ఎడమకు జరిగి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకోలేను. ఆ ముందు రోజు నిద్రకు వాచీ ఇచ్చిన మార్కులు 80.

డాక్టరు రాత్రంతా పరీక్ష చేయించారు. గంటకు 22 సార్లు ఊపిరి ఆగడమో సన్నబడడమో జరుగుతోందట. స్లీప్ ఆప్నియా అన్నారు. ఇప్పుడు గాలి తోసే మాస్కు పెట్టుకుని పడుకుంటున్నాను. మొదటి వారం గ్యాస్ మాస్కు డ్రిల్లు గుర్తొచ్చి చిరాకేసింది, తరువాత అలవాటైంది. 2024లో కొన్ని కంపెనీల వాచీలు ఈ జబ్బు అనుమానాన్ని హెచ్చరించేందుకు అమెరికాలో అనుమతి పొందాయి. అయినా అది అనుమానమే, నిర్ధారణ కాదు. గురక, పగటి కునుకు, పొద్దున్నే తలనొప్పి ఉంటే ఇ.సి.హెచ్.ఎస్. పాలీక్లినిక్‌లో చెప్పండి. ఇంటావిడ మాట ముందు చెప్పండి.

మరి వాచీ పారేశానా? లేదు. వారం మొత్తం ఎన్ని గంటలు పడుకున్నానో, ఏ వేళకు పడుకున్నానో దాంట్లో చూస్తాను. మార్కులు చూడను. మార్కుల దిగులుతోనే నిద్ర చెడగొట్టుకునేవాళ్ళున్నారని 2017లో అమెరికా వైద్యులు దానికొక పేరే పెట్టారు. క్యాంటీన్ కోటా రమ్ము తాగిన రాత్రి గుండె వేగం ఎంత పైన ఉంటుందో ఆ గీత చూస్తే తెలుస్తుంది. ఆప్నియా ఉన్నవాడికి అది మరీ చెడ్డది. నాకు ఎవరు చెప్పినా మానలేదు, ఆ గీత చూశాక తగ్గించాను. డ్యూటీ చివరి ఐదారు గంటల్లో టీ మానేశాను, కిటికీకి నల్ల పరదా కట్టాను. సాయంత్రం డ్యూటీకి ముందు అరగంట కునుకు తీస్తాను.

సర్వీసులో ఉన్న తమ్ముళ్ళకు ఒక్క మాట. స్ట్రావా అనే వ్యాయామపు యాప్ 2017 నవంబరులో ప్రపంచ పటం ఒకటి విడుదల చేసింది. జవాన్లు పరుగెత్తిన దారులు అందులో గీతల్లా వెలిగి, సిరియా, అఫ్గానిస్తాన్‌లలో స్థావరాల రూపురేఖలు బయటపడిన సంగతి 2018 జనవరిలో లోకానికి తెలిసింది. ఆ ఆగస్టులో అమెరికా రక్షణశాఖ ఆపరేషన్ ప్రాంతాల్లో లొకేషన్ చెప్పే పరికరాల వాడకం నిషేధించింది. మన ఆర్మీ 2020 జులైలో 89 యాప్‌లు తీసేయమంది. కాబట్టి వాచీ కట్టేముందు మీ యూనిట్ ఆర్డరు చదవండి. సెలవులో ఇంటికొచ్చినప్పుడు కట్టుకోండి, నిద్ర లెక్క అప్పుడు చూసుకోవచ్చు.

బయట టేబుల్ దగ్గర నా మాస్కు మిషను పెట్టాను. చూడాలనుకున్నవాళ్ళు భోజనాల వేళ రండి, ఎలా పెట్టుకోవాలో చూపిస్తాను. జైహింద్.