మనసునకు మాతృభాష

(పాఠశాల వార్షికోత్సవ సందర్భమున తలిదండ్రుల సభయందు చేసిన ప్రసంగము)



నేడు మేము చెప్పబోవు విషయము ఐర్లండు దేశమునకు సంబంధించినది. తమిళదేశమున తరతరములుగా స్థిరపడిన తెలుగువారి బడిలో ఆ దూరదేశపు ముచ్చట యేల యని మీరు తలపవచ్చును. ప్రసంగము ముగియునప్పటికి కారణము మీకే బోధపడగలదు.

ఐర్లండులో నేడు ధ్యానము నేర్పువారు పలువురు గలరు. పని యొత్తిడిచే నలిగినవారికిని, నిద్రపట్టనివారికిని శ్వాసను గమనించుట, మౌనముగా కూర్చుండుట వారు నేర్పుదురు. ఈ పద్ధతులలో అధికభాగము మన దేశమునుండియు, బౌద్ధదేశములనుండియు పోయినవే. అయినను వారిలో కొందరు తమ బోధను ఐరిష్ భాషలోని పాతమాటలతో ముడిపెట్టుదురు. తెచ్చుకొన్న విద్యకు తమ యింట పీట వేయవలెనని వారి కోరిక.

ఇట్టివారికి దారి చూపినవారిలో జాన్ ఓడొనహ్యూ ముఖ్యుడు. ఆయన 1956లో జన్మించి, క్లేర్ మండలమున బరెన్ అను సున్నపురాతి సీమలో పెరిగెను. తండ్రి రాతిపనివాడు. ఆయన మతాచార్యుడై, జర్మనీలోని ట్యూబింగెన్ విశ్వవిద్యాలయమున హెగెల్ తత్త్వముపై పరిశోధన చేసెను. 1997లో వెలువడిన ఆయన గ్రంథము 'అనమ్ కార' పెక్కుదేశముల పాఠకులను ఆకర్షించినది. 2008లో ఆయన దివంగతుడయ్యెను.

ఇచ్చట ఒక హెచ్చరిక యవసరము. ఐర్లండు ప్రాచీనవిద్య యని నేడు చెప్పబడునదంతయు ప్రాచీనము కాదు; కొంత ఈ కాలపువారు అల్లినదే. కాని ఈ 'అనమ్ కార' యను మాట నిక్కముగా పాతది. 'అనమ్' అనగా ఆత్మ. 'కార' అనగా స్నేహితుడు. పూర్వము ఆ దేశపు మఠములలో సన్న్యాసి తన తప్పును, తన భయమును దాచక చెప్పుకొనుటకు ఒక ఆత్మమిత్రుడుండెడివాడు. కెర్రీ తీరమునుండి సుమారు 12 కిలోమీటర్ల దూరమున, సముద్రమధ్యమున స్కెలిగ్ మైకేల్ అను కొండ గలదు. సున్నము లేకయే రాయిమీద రాయి పేర్చి కట్టిన సన్న్యాసుల గుండ్రని గుడిసెలు అచ్చట నేటికిని నిలిచియున్నవి. అంతటి యేకాంతమును కోరినవారి సంప్రదాయము సయితము, మనసు విప్పుటకు ఒక మనిషి కావలెనని యెరిగియుండెను.

రెండవ మాట మరియు విలువైనది. ఐరిష్ వాడు తనకు విచారము కలిగినప్పుడు 'తా బ్రోన్ ఒరమ్' అనును. మాటకు మాటగా దీని యర్థము 'దుఃఖము నామీద నున్నది' యని. కోపమునకును, సంతోషమునకును ఇదే తీరు. మీద నున్నది దిగిపోవచ్చును గదా! నీవు వేరు, నీ దుఃఖము వేరు అని ధ్యానగురువులు ఎంతో శ్రమపడి బోధించుదానిని ఆ భాష పసివానికి ఉగ్గుపాలతోనే పోయుచున్నది.

మన తెలుగునో? 'నాకు కోపము వచ్చినది', 'దిగులు పట్టుకొన్నది', 'గుబులు పుట్టినది' అందుము. వచ్చినది పోవును, పట్టుకొన్నది వదలును. మన ఇరుగుపొరుగువారి తమిళమునందును ఇట్టి నుడికారమే గలదు. ఇంగ్లీషున 'నేను కోపిష్ఠిగా నున్నాను' అను తీరున, మనిషికిని కోపమునకును ఎడము మిగులదు.

ఇట్టి భాష ఐర్లండున ఎట్లు సన్నగిలెనో వినుడు. 1831లో ఏర్పడిన జాతీయపాఠశాలలు ఇంగ్లీషుననే బోధించెను. 1845 మొదలు 1852 వరకు సాగిన మహాక్షామమున సుమారు 10 లక్షలమంది మరణించిరి. మరి 10 లక్షలకు పైగా దేశము విడిచిరి. ఐరిష్ మాటలాడు బీదపల్లెలే మిక్కిలి దెబ్బతినెను. వలసపోయి బ్రతుకుటకు ఇంగ్లీషే ఆధారమని తలిదండ్రులే బిడ్డలయెదుట తమ భాషను మానిరి. వారిని తప్పుపట్టజాలము, ఆకలి అట్టిది. 1893లో భాషోద్ధరణకు గేలిక్ సంఘము వెలసెను. పిమ్మట తలిదండ్రులే పూనుకొని ఐరిష్ మాధ్యమపు బడులు పెట్టించిరి. అయినను నేడు పెక్కుమంది ముత్తవ్వల మాటలను పెద్దవయస్సున పుస్తకములలో వెదకుకొనుచున్నారు. మనకు ఆ యవస్థ ఇంకను రాలేదు. మన యవ్వ ఇంటనే యున్నది.

గత సంవత్సరము పరీక్షలకు ముందు ఏడవ తరగతి బాలిక యొకతె అన్నము ముట్టక కూర్చుండెను. ఏమైనదని మేము ఇంగ్లీషున అడిగితిమి; ఏమియు లేదనెను. సాయంకాలము వచ్చిన అమ్మమ్మ తల నిమిరి, "ఏమే తల్లీ, అట్లా ఉన్నావు?" అనగా, "గుబులుగా ఉందమ్మమ్మా" అని భోరున ఏడ్చెను. ఆ మాట దొరకగనే సగము భారము దిగెను. మేము మా ప్రశ్నకు సిగ్గుపడితిమి.

తలిదండ్రులారా, మేము కోరునది స్వల్పము. రాత్రి పడుకొనుటకు ముందు పది నిమిషములు ఫోనును దూరముగ నుంచి బిడ్డప్రక్కన కూర్చుండుడు. మొదట ఇరువురును మాటలాడక, వచ్చిపోవు ఊపిరిని గమనింపుడు. పిదప "ఇవాళ నీకేమనిపించింది?" అని తెలుగున అడుగుడు. మార్కుల ప్రస్తావన వలదు. వెంటనే హితబోధయు వలదు. వినుట చాలును. దిగులు వారములతరబడి వీడక నిద్రాహారములు చెడినచో తప్పక వైద్యునికి చూపుడు. ధ్యానము వైద్యమునకు బదులు కాజాలదు.

తెలుగు పద్యమును, వ్యాకరణమును ఈ బడి నేర్పగలదు. గుబులు అను మాటను గుబులు పుట్టిన వేళ నేర్పగలవారు మీరే. మీ బిడ్డకు మొదటి ఆత్మమిత్రులు మీరు కావలెనని వేడుకొనుచు సెలవు తీసికొనుచున్నాము.