పియానో ముందు చోటు



పియానో నేర్చిన మన విద్యార్థిని ఒకతె, మ్యూజికల్ థియేటర్ చదవడానికి అమెరికాలో ఏ కళాశాల మేలని నన్నడిగింది. అప్పుచేసి పంపదలచిన తండ్రిగారు ప్రక్కనే ఉన్నారు.

ఆ పేరుగల పట్టా అక్కడ ప్రధానంగా పాడుతూ, నర్తిస్తూ, నటించేవారికి ఉద్దేశించినది. పియానో, సహవాద్యం వంటి శాఖలు వేరు. అయితే నాటకసాధనలో వాద్యబృందమంతటికీ బదులు నిలిచేది తరచు పియానోయే. కనుక కళాశాల ఖ్యాతికి మురిసిపోక, "సాధనలో వాయించే అవకాశం ఏ సంవత్సరం నుండి? ఉపకారవేతనమెంత?" అని ముందే వ్రాసి అడగమన్నాను.

1885లో ఆరంభమైన మన సురభి నాటకాలలోనూ నటుని ఊపిరి కనిపెట్టి వాయించే విద్య హార్మోనిస్టుకు రంగస్థలం చెంతనే అబ్బింది గదా!

ఆ అమ్మాయి ఉత్తరాలు వ్రాసింది. జవాబులు వచ్చాకే అప్పు సంగతి అన్నారు తండ్రిగారు. ఇద్దరూ వివేకవంతులే.