వానలో ఆరిపోని దీపం
(వాహనచాలకులను, మెకానిక్కులను ఉద్దేశించిన ప్రసంగ పాఠం)



బరంపురం వాసులకు ఆశ్వయుజ మాసం పండుగల కాలం మాత్రమే కాదు, తుఫానుల కాలం కూడా. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురం సమీపాన తీరం దాటింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరాన్ని తాకింది. రెండూ నవరాత్రులలోనే వచ్చాయి. అటువంటి రాత్రి ముందుగా పోయేది కరెంటు. ఆ తరువాత కూలిన చెట్టును కోయాలన్నా, నీట మునిగిన వీధిలో ముసలివారిని బయటకు తేవాలన్నా, వాహనం పైకప్పు మీది దీపమే వెలుగు. ఆ దీపం సరిగ్గా వాన ఉద్ధృతంగా ఉన్న గంటలోనే ఆరిపోతే, లోపం చాలావరకు దీపానిది కాదు. దానికి నడిపిన తీగది.

పైకప్పు క్యారియర్‌ను ఏడాది పొడుగునా వాహనం మీద ఉంచరు. ఎత్తు తక్కువ షెడ్డులోకి బండి పోదు, గాలి అడ్డుపడి ఇంధనం వృథా అవుతుంది. అందుచేత అవసరానికి బిగిస్తారు, పని తీరాక విప్పుతారు. చిక్కు అక్కడే ఉంది. విప్పే వస్తువుకు వెళ్లే తీగను కూడా విప్పగలగాలి. విప్పినప్పుడు తెరచుకున్న కొసలోకి నీరు చొరకూడదు. మళ్లీ బిగించినప్పుడు చీకటిలో, తడిచేతులతో అయినా అతుకు సరిగా కూర్చోవాలి.

మొదట లెక్క. 55 వాట్ల హాలోజన్ దీపాలు రెండు కలిసి 110 వాట్లు. దానిని 12 వోల్టులతో భాగిస్తే సుమారు 9 ఆంపియర్లు. బ్యాటరీ నుంచి పైకప్పు దాకా 5 మీటర్లు, తిరుగుదారి 5 మీటర్లు, మొత్తం 10 మీటర్ల తీగ అనుకుంటే, 1 చదరపు మిల్లీమీటరు రాగితీగలో ఒకటిన్నర వోల్టుకు పైగా దారిలోనే పోతుంది. హాలోజన్ దీపానికి పదిశాతం వోల్టేజి తగ్గితే వెలుగు దాదాపు ముప్పై శాతం తగ్గుతుంది. అదే దూరానికి 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వేస్తే నష్టం ముప్పాతిక వోల్టు లోపే ఉంటుంది. 18 వాట్ల ఎల్‌ఈడీ దీపాలు రెండైతే కరెంటు 3 ఆంపియర్లే, వాటికి 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ చాలు.

రెండవది ఫ్యూజు. ఫ్యూజు కాపాడేది దీపాన్ని కాదు, తీగను. బ్యాటరీకి, ఫ్యూజుకు నడుమ ఉన్న తీగకు ఏ రక్షణా లేదు. ఆ ముక్క ఎక్కడైనా ఒరుసుకొని బాడీని తాకితే బ్యాటరీ శక్తి అంతా అందులోకి దూకుతుంది, తొడుగు అంటుకుంటుంది. కనుక ఫ్యూజు బ్యాటరీకి జానెడు దూరంలోనే ఉండాలి. పైన చెప్పిన హాలోజన్ జంటకు 15 ఆంపియర్లు, ఎల్‌ఈడీ జంటకు 5 ఆంపియర్లు సరిపోతాయి. ఫ్యూజు పోయినప్పుడు దాని స్థానంలో రాగిపోచ చుట్టడం మంటకు దారి తెరవడమే. హాలోజన్ దీపాల కరెంటును డాష్‌బోర్డు స్విచ్ గుండా పంపకూడదు. రిలే పెడితే స్విచ్ మీద స్వల్ప భారమే పడుతుంది. పెద్ద కరెంటు ఆ స్విచ్ గుండా పోదు.

మూడవది దారి. ఇంజను గది నుంచి లోపలికి తీగ తేవలసి వస్తే కంపెనీ ఇచ్చిన రబ్బరు గ్రోమెట్ గుండానే తేవాలి. కొత్తగా తొలిచిన రంధ్రపు అంచు కత్తివంటిది. బండి అదురుకు నెలల వ్యవధిలో తొడుగును కోసివేస్తుంది. పైకప్పుకు చేరడానికి రెండు దారులు వాడుకలో ఉన్నాయి. బానెట్ అంచు నుంచి ముందు అద్దం పక్కగా, వెలుపలి వైపునే పైకి పోవడం ఒకటి. వెనుక తలుపు రబ్బరు బీడింగ్ కిందుగా పోవడం మరొకటి. రెండింటికీ పైకప్పుకు రంధ్రం చేయనక్కరలేదు. రంధ్రం చేస్తే తుప్పు, ఉరుపు రెండూ వెంటవస్తాయి. ముందు అద్దం పక్క స్తంభపు లోపలి తొడుగు కింద తీగ దూర్చేముందు అక్కడ ఎయిర్‌బ్యాగ్ ఉందో లేదో తప్పక చూడాలి. చాలా కొత్త కార్లలో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ అక్కడే ముడుచుకొని ఉంటుంది. దాని మీదుగా తీగ పోతే ప్రమాద సమయంలో అది సరిగా విచ్చుకోకపోవచ్చు.

తీగ వెంబడి జారే నీటిని బలంతో ఆపలేరు, ఉపాయంతో మళ్లించాలి. తీగ లోపలికి ప్రవేశించే చోటికి ముందు దానిని కిందికి వంచి ఒక వంపు వదిలితే, జారివచ్చిన నీరు ఆ వంపు అడుగున బొట్టుగా రాలిపోతుంది. తీగను ముడతల ఫ్లెక్సిబుల్ పైపులో నడిపి, పైపు మిక్కిలి కిందికి ఉన్న చోట చిన్న రంధ్రం ఉంచితే లోపల చేరిన నీరు బయటకు పోతుంది. నీటికి ఇంకొక గుణం ఉంది: వత్తి నూనెను పీల్చినట్టు, తీగ సన్నని పోచల నడుమ నీరు పాకుతుంది. పైకప్పు మీద తెరచి ఉన్న కొస నుంచి బయలుదేరిన తడి తొడుగు లోపలే దిగి, కింద స్విచ్ దాకా రాగలదు. పైన ఏ మచ్చా కనిపించదు. తొడుగు ఒలిస్తే రాగి నల్లబడి, పచ్చబడి ఉంటుంది. సముద్రపు ఉప్పుగాలి తగిలే ఈ తీరంలో ఆ నష్టం మరింత త్వరగా జరుగుతుంది.

ఇక అసలు కీలకం, విప్పే అతుకు. రబ్బరు సీలు గల రెండు పిన్నుల వాటర్‌ప్రూఫ్ కప్లర్ వాడాలి. ఐపీ 67 అన్న గుర్తులో 6 అంటే ధూళి చొరదని, 7 అంటే ఒక మీటరు లోతు నీటిలో అరగంట మునిగినా హాని లేదని అర్థం. అయితే వేగంగా కొట్టే నీటిధారకు ఈ 7 హామీ కాదు. దానికి ఐపీ 66 గుర్తు కూడా ఉండాలి. బ్యాటరీ నుంచి వచ్చే వైపున లోతైన సాకెట్ సగమే ఉండాలి. పిన్నులు బయటకు పొడుచుకు వచ్చిన సగం క్యారియర్ వైపు ఉండాలి. తారుమారు చేస్తే, క్యారియర్ విప్పి ఉన్నప్పుడు ఎవరో స్విచ్ నొక్కితే పిన్నులు బాడీకి తగిలి నిప్పురవ్వలు లేస్తాయి. విప్పిన వెంటనే రెండు సగాలకూ మూత పెట్టాలి. కప్లర్ నోరు కిందికి చూడాలి. ఆకాశం వైపు చూసే కప్లర్ వాన నీటికి గిన్నె అవుతుంది. అతుకుకు అటూ ఇటూ కొంత తీగ వదులుగా ఉంచి, క్లాంపుతో బిగిస్తే లాగుడు పిన్నుల మీద పడదు.

ఎర్త్ విషయంలో పొరపాట్లు ఎక్కువ. క్యారియర్ ఇనుముదే కదా, బాడీకి తగులుతూనే ఉంది కదా అని నెగటివ్ తీగ మానేస్తారు. కానీ క్యారియర్ కాళ్ల కింద రబ్బరు మెత్తలు ఉంటాయి, బాడీకి రంగుపూత ఉంటుంది. రెండూ కరెంటును అడ్డుకుంటాయి. నెగటివ్‌కు విడిగా, అదే మందం గల తీగ కిందిదాకా రావాలి.

అతుకులకు రాగి లగ్గులు నొక్కి, లోపల జిగురు గల హీట్ ష్రింక్ స్లీవ్ తొడగాలి. మామూలు టేపు జిగురు ఎండకు కరిగి, వానకు ఊడిపోతుంది. పని ముగిశాక పరీక్ష కూడా పనిలో భాగమే. దీపాలు వెలుగుతుండగా దీపం దగ్గర, బ్యాటరీ దగ్గర వోల్టేజి కొలిచి తేడా చూడాలి. బకెట్టు నీళ్లు పోసి, బండిని కొంతదూరం గతుకుల్లో నడిపి మళ్లీ కొలవాలి. ఆపైన కప్లర్ విప్పి లోపల తడి చూడాలి.

చట్టం మాట కూడా మరువరాదు. కేంద్ర మోటారు వాహనాల నియమావళి 1989లోని 111వ నియమం ప్రకారం వాహనం ముందు భాగాన స్పాట్‌లైట్ గాని సెర్చ్‌లైట్ గాని అమర్చరాదు; అసాధారణ పరిస్థితులలో రిజిస్టరింగ్ అధికారి ముందస్తు అనుమతి ఉండాలి. అందుకని కాగితం మొదట, తీగ తరువాత. రోడ్డు మీద ఎదురుగా వచ్చేవారి కన్నులు చెదరకుండా ఆ దీపాలను ఆర్పి, మూతలు వేసి ఉంచడం చాలకుని కర్తవ్యం.

ఈ పని అంతా శ్రద్ధగా చేస్తే ఒక పూట పడుతుంది. తుఫాను హెచ్చరిక వచ్చిన సాయంత్రం ఆ పూట దొరకదు. కనుక తీగలు వేయవలసిన కాలం ఎండాకాలం. మళ్లీ విప్పి చూడవలసిన కాలం వినాయక చవితి నాళ్లు. ఎదురుచూసే ఇంటి గుమ్మం ముందు ఆగిన బండి మీద దీపం వెలుగుతుంటే, దాని వెనుక ఉన్న ఫ్యూజునూ కప్లర్‌నూ ఎవరూ తలచుకోరు. తలచుకోవలసిన అవసరం రాకపోవడమే పని చేసినవారికి దక్కే మెప్పు.